చెవిటి కుక్కతో మాటామంతీ

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో జైళ్ల శాఖ 2010లో ఒక మంచి పని మొదలుపెట్టింది. దిక్కులేని కుక్కల్ని ఆశ్రయాల నుంచి జైళ్లకు తెచ్చి, ఖైదీల చేత శిక్షణ ఇప్పించి, ఆ తర్వాత పెంచుకునేవాళ్లకు అప్పగిస్తారు. లికింగ్ అనే ఊళ్లోని జైలుకు అలా వచ్చిన కుక్కల్లో స్పార్కీ ఒకటి. పొట్టి కాళ్ల డాషండ్. చెవులు వినపడవు. ఖైదీలు దానికి చేతి సైగలతోనే కూర్చోవడం, పడుకోవడం, దగ్గరికి రావడం నేర్పారు. శిక్షణయ్యాక అది ఫుల్టన్‌లోని మిస్సోరి బధిరుల పాఠశాలకు చేరింది. అక్కడి పిల్లలు తమలో తాము మాట్లాడుకునే చేతి భాషలోనే దానితోనూ మాట్లాడారు.

స్పార్కీ కథ విన్నవాళ్లు ముచ్చటపడతారు. కానీ అదే దేశంలో రెండు చెవులూ వినపడని కుక్కపిల్లను చంపేయడమే మేలని పేరున్న కుక్కల సంఘాలే చెబుతూ వచ్చాయి. అమెరికా డాల్మేషియన్ క్లబ్ అధికారిక వైఖరి చాలాకాలం అదే. పిలిస్తే వినదు, రోడ్డు మీద కారు కింద పడుతుంది, నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది, శిక్షణకు లొంగదు. ఇవీ వాళ్లు చెప్పిన కారణాలు. మన దగ్గర అలాంటి తీర్మానాలు ఎవరూ రాయలేదు గానీ, పిల్లకు వినపడదని తెలిసిన రోజున దాన్ని వీధిలో వదిలేయడం మాత్రం జరుగుతూనే ఉంది. కాబట్టి ఆ కారణాల్లో నిజమెంతో తూచి చూడాల్సిందే.

ముందు చెవుడు ఎలా వస్తుందో చూద్దాం. పుట్టుకతో వచ్చే చెవుడుకు, ఒంటి రంగుకు దగ్గరి సంబంధం ఉంది. చర్మానికీ వెంట్రుకలకూ రంగునిచ్చే మెలనోసైట్ కణాలే లోపలి చెవిలోనూ ఉంటాయి. అక్కడ వాటి పని వేరు: నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలోని ద్రవంలో లవణాల పాళ్లు సరిగా నిలిచేలా చూడడం. కొన్ని జన్యువుల వల్ల ఒంటి మీద తెలుపు ఎక్కువైనప్పుడు, ఆ కణాలు చెవి లోపలికీ చేరవు. కుక్కపిల్లకు చెవి రంధ్రాలు తెరుచుకునేది పుట్టిన రెండు వారాలకు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే, మూడు నాలుగు వారాల వయసుకల్లా, లోపల వినికిడి కణాలు చచ్చిపోతాయి. బయటికి ఏమీ తెలియదు. చెవులు అందంగానే ఉంటాయి, పిల్ల హుషారుగానే ఉంటుంది. పూర్తిగా తెల్లగా ఉండి నీలి కళ్లున్న పిల్లులు సాధారణంగా చెవిటివని పందొమ్మిదో శతాబ్దంలోనే డార్విన్ రాశాడు. కారణం తేలడానికి మరో శతాబ్దం పట్టింది.

అలాగని తెల్ల కుక్కలన్నీ చెవిటివి కావు. సమోయెడ్ మంచులా తెల్లగా ఉన్నా దాని తెలుపుకు కారణం వేరే జన్యువు. ఆ తెలుపు వల్ల దానికి చెవుడు బెడద లేదు. చిక్కంతా మచ్చల తెలుపుతోనూ, ‘మెర్ల్’ అనే చెదిరిన బూడిదరంగుతోనూ. ఈ మెర్ల్ రంగుకు కారణమైన జన్యు మార్పును 2006లో అమెరికన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వచ్చిన పిల్లకు చెవుడు, చూపు లోపం వచ్చే ముప్పు ఎక్కువ.

ఈ విషయంలో లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రెయిన్ చేసినంత పని మరొకరు చేయలేదు. అమెరికాలో ఐదు వేలకు పైగా డాల్మేషియన్లను పరీక్షించిన వివరాలను ఆయన 2004లో ప్రకటించాడు. సుమారు 30 శాతానికి లోపం ఉంది: 22 శాతానికి ఒక చెవిలో, 8 శాతానికి రెండు చెవుల్లో. బుల్ టెర్రియర్, ఇంగ్లిష్ సెట్టర్, ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ లాంటి జాతుల్లోనూ ఉంది గానీ ఇంత లేదు.

పుట్టు చెవుడు ఒక్కటే కాదు. తేమ ఎక్కువగా ఉండే మన కోస్తా ఊళ్లలో లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వేలాడే చెవుల కుక్కలకు చెవి పుండ్లు మామూలు. వాటిని నిర్లక్ష్యం చేసినా ముప్పే, తోచిన మందు పోసినా ముప్పే. కర్ణభేరి చిల్లిపడి ఉన్నప్పుడు జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి చుక్కలు లోపలికి దిగితే వినికిడి కణాలకే ఎసరు పెడతాయి. కర్ణభేరి బాగుందో లేదో డాక్టరు లోపలికి చూసి చెప్పేదాకా ఇంట్లో మిగిలిన పాత సీసాలోంచి చుక్కలు వేయకపోవడం మంచిది. ఇక ముసలితనపు చెవుడు సరేసరి. పదేళ్లు దాటాక చాలా కుక్కలకు వినికిడి తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు. నిన్నటిదాకా గేటు చప్పుడుకే లేచిన కుక్క ఇవాళ పేరు పెట్టి పిలిచినా కదలకపోతే, చూడాల్సింది దాని పొగరు కాదు, చెవి.

వినపడుతోందో లేదో కచ్చితంగా తేల్చేది ‘బేర్’ పరీక్ష. చర్మం కింద సన్నటి ఎలక్ట్రోడ్లు గుచ్చి, ఒక్కో చెవిలో టిక్ టిక్‌మని శబ్దం పంపి, మెదడు కాండంలో పుట్టే విద్యుత్ తరంగాన్ని నమోదు చేస్తారు. వినే చెవికి గీతలో శిఖరాలు కనిపిస్తాయి, వినని చెవికి గీత చదునుగా సాగుతుంది. ఐదారు వారాల వయసు నుంచి చేయొచ్చు. మన ఊళ్లలోని మామూలు పశువైద్యశాలల్లో ఈ సదుపాయం ఉండదు. ఇంట్లో చేసుకునే పరీక్షలకు పరిమితులున్నాయి. చప్పట్లు కొడితే గాలి కదులుతుంది. గిన్నె పడేస్తే నేల అదురుతుంది. పక్కనున్న కుక్క లేస్తే దాన్ని చూసి ఇదీ లేస్తుంది. పిల్ల ఒంటరిగా నిద్రపోతున్నప్పుడు పక్క గదిలో కుక్కర్ కూత వేస్తే చెవి కదిలిందా లేదా అన్నది కాస్త నమ్మదగిన గుర్తు. ఒక చెవే పోయిన కుక్క మాత్రం ఈ పరీక్షలన్నీ నెగ్గేస్తుంది. శబ్దం ఎటునుంచి వచ్చిందో పోల్చుకోలేక తప్పు దిక్కుకు తల తిప్పడమే దాని ఆనవాలు.

ఇక శిక్షణకు లొంగదన్న మాట. మనిషి నోటితో మాట్లాడే జీవి కాబట్టి కుక్క కూడా చెవితోనే అర్థం చేసుకుంటుందని అనుకోవడం సహజమే, కానీ పరిశోధనలు అలా చెప్పడం లేదు. నేపుల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాజియో దనియెల్లో బృందం, నీళ్లలో మునిగేవాళ్లను కాపాడే శిక్షణ పొందిన కుక్కల మీద ఒక ప్రయోగం చేసింది. యజమాని నోటితో ‘కూర్చో’ అంటూ చేత్తో ‘పడుకో’ అని చూపిస్తే కుక్క దేన్ని పాటిస్తుంది? ఎక్కువ సార్లు చేతినే పాటించింది. అవి చక్కగా వినే కుక్కలు, మాటకూ సైగకూ రెండింటికీ అలవాటుపడ్డవి.

మన వీధి కుక్కల సంగతి ఇంకా ఆసక్తికరం. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం దేశంలోని కొన్ని నగరాల్లో 160 వీధి కుక్కల ముందు మూతపెట్టిన రెండు గిన్నెలు ఉంచి, ముక్కూమొహం తెలియని మనిషి చేత ఒక గిన్నె వైపు వేలు చూపించింది. దాదాపు సగం కుక్కలు భయపడి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపిన గిన్నెకే వెళ్లాయి. 2020లో వెలువడిన ఈ పరిశోధన చెబుతున్నదేమిటంటే, ఏ శిక్షణా లేని కుక్క కూడా మనిషి చేతిని చదవగలదు. చెవిటి కుక్క దగ్గర ఆ శక్తి ఉండనే ఉంది. దానికి తక్కువయ్యేది మన వైపునుంచి కావలసిన నిలకడ. 

కరుస్తుందన్న ఆరోపణకు జవాబు 2014లో వచ్చింది. ఇల్లినాయ్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి వాలెరి ఫార్మర్-డూగన్ బృందం 461 కుక్కల యజమానుల చేత ప్రశ్నావళి నింపించింది. వాటిలో 183 కుక్కలకు వినికిడి లోపమో, చూపు లోపమో, రెండూనో ఉన్నాయి. లోపమున్న కుక్కల్లో దూకుడు ఎక్కువ కాదు సరికదా, తక్కువగానే కనిపించింది. అతిగా మొరగడం, కొరకకూడనివి కొరకడం మాత్రం వాటిలో కాస్త ఎక్కువ. ఇది యజమానుల జవాబుల మీద ఆధారపడ్డ అధ్యయనం. ఇష్టంగా పెంచుకునేవాళ్లే జవాబులిచ్చి ఉంటారన్న మాట నిజమే. ఆ మేరకు తగ్గించి చూసినా, చెవిటి పిల్లను చంపేయాలన్న వాదనకు నిలబడే చోటు మిగలదు.

నిద్రలో ఉలిక్కిపడడం నిజమే, దాన్ని దాచకూడదు. అయితే అది పాఠంతో పోయేదే. ముందు మెలకువగా ఉన్నప్పుడు కుక్క భుజం మీద మెల్లగా తాకి, అది తిరిగి చూసేలోపే నోటికి ఒక చికెన్ ముక్క అందించాలి. తాకడం, ముక్క పెట్టడం. కొన్ని రోజులకు తాకగానే తోక ఆడుతుంది. అప్పుడు నిద్రలో: చేతిని ముక్కు దగ్గర పెట్టి వాసన తగలనిచ్చి, తర్వాత భుజం మీద వేళ్లు ఆనించి, కళ్లు తెరవగానే ముక్క. ఎప్పుడూ ఒకే చోట తాకాలి. పడమటి దేశాల పుస్తకాలు నేల మీద కాలితో తట్టి లేపమంటాయి. వాళ్లవి చెక్క నేలలు. సిమెంటు శ్లాబు మీద గ్రానైటో టైల్సో పరిచిన మన ఇళ్లలో ఎంత తాటించినా నిద్రపోతున్న కుక్కను లేపేంత అదురు పోదు. అది మంచం మీదో సోఫా మీదో పడుకుని ఉంటే ఆ చెక్కను తడితే చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే, పడుకున్న కుక్క మీద పడకూడదన్న కట్టడి కుక్క కంటే ముందు పిల్లలకు నేర్పాలి.

శిక్షణలో మొదటి పాఠం కూర్చోవడం కాదు, చూడడం. వినే కుక్క అటు తిరిగి ఉన్నా పిలవొచ్చు. చెవిటి కుక్క మన వైపు చూడకపోతే మాట మొదలే కాదు. అందుకే అది తనంతట తాను మొహంలోకి చూసిన ప్రతిసారీ బొటనవేలు పైకెత్తి చూపించి, వెంటనే తినడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. గదిలో, వాకిట్లో, మేడమీద, వీధిలో. వినే కుక్కల శిక్షణలో టిక్‌మనే క్లిక్కర్ చేసే పని ఇక్కడ బొటనవేలు చేస్తుంది: ‘సరిగ్గా ఇదే, భేష్’ అని. ఈ ఒక్క అలవాటు పడిన కుక్క నడకలో నాలుగడుగులకోసారి తల తిప్పి చూస్తుంది. ఆ పునాది లేకుండా నేర్పిన సైగలన్నీ కుక్క వీపుకు చూపించినట్టే.

సైగలు ఏవైనా ఫరవాలేదు. బధిరుల భాషలోవి కావొచ్చు, శిక్షకులు వాడేవి కావొచ్చు, ఇంట్లో కల్పించుకున్నవి కావొచ్చు. మనకు ఒక సౌలభ్యం కూడా ఉంది: మాటకు ముందే చెయ్యి కదిపే జాతి మనది. అరచెయ్యి కిందికి పెట్టి వేళ్లు లోపలికి ఆడిస్తే ‘రా’. అరచెయ్యి నిటారుగా ఎత్తితే ‘ఆగు’. వేళ్లన్నీ ముడిచి నోటి దగ్గర పెడితే ‘అన్నం’. రెండు చేతులూ దులిపేస్తే ‘అయిపోయింది, ఇంకేం లేదు’. వీటిని కాస్త పెద్దవి చేసి, దూరం నుంచీ కనిపించేలా, ఒకదానికొకటి పోలిక లేకుండా చూసుకుంటే సరిపోతుంది. రెండో చేతిలో తాడు ఉంటుంది కాబట్టి ‘ఆగు’, ‘రా’ లాంటి ముఖ్యమైనవి ఒంటి చేత్తో చేసేవిగా ఉండాలి.

చిక్కు వచ్చేది ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా చేసినప్పుడు. నాయనమ్మ ‘రా’ అన్నట్టు చెయ్యి ఆడిస్తే మనవడికి అదే ‘పో’. కుక్క మధ్యలో నిలబడి ఇద్దరి మొహాలూ చూస్తుంది. ఏ సైగ దేనికో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించడం చిన్న పనే గానీ దాని ఫలితం పెద్దది. మరొకటి: సైగ చేస్తూ మాట కూడా పలకడం మానకూడదు. మాట వినపడదు నిజమే, కానీ మాట్లాడేటప్పుడు కళ్లూ కనుబొమలూ పెదవులూ కదులుతాయి. నోరు బిగించుకుని చేసిన సైగకు ఆ జీవం రాదు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకూడదు. వినే కుక్కను కొట్టడమే తప్పు. చెవిటి కుక్కను చేత్తో కొట్టడం ఇంకా ఘోరం, ఎందుకంటే దానికి భాష వచ్చేది ఆ చేతిలోంచే. ఒకసారి దెబ్బ తగిలిన కుక్క తర్వాత ఎత్తిన ప్రతి చేతికీ ముడుచుకుపోతుంది, కళ్లు తిప్పేసుకుంటుంది. కళ్లు తిప్పుకుంటే చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

దూరంగా ఉన్న కుక్కను పిలవడమెలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. చీకట్లో అయితే టార్చి వెలుగును దాని ముందు నేల మీద రెండుసార్లు వేస్తే చాలు. కళ్లలోకి వేయకూడదు. లేజర్ పాయింటర్ అసలే వద్దు; వెలుగు చుక్కల వెంటా నీడల వెంటా పిచ్చిగా పరుగెత్తే జబ్బు పట్టుకోవచ్చు. పగటిపూట వాడడానికి వణికే బెల్టులు ఉన్నాయి. వీటిని షాక్ కొట్టే బెల్టులతో కలగాపులగం చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు, కొనేటప్పుడు జాగ్రత్త పడాలి. ఫోన్ వణికినట్టు వణికే బెల్టుకు అర్థం ‘నా వైపు చూడు’ అని మాత్రమే. వణికినప్పుడల్లా తిండి పెట్టి ఆ అర్థాన్ని నేర్పాలి. కొన్ని కుక్కలు ఆ వణుకుకే బెదిరిపోతాయి, వాటికి వద్దు. ఈ దారిలో ఎంత దూరం పోవచ్చో ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ విశ్వవిద్యాలయం 2019లో చూపించింది. తై అనే కుక్కకు చిన్న మోటార్లు కుట్టిన చొక్కా తొడిగి, వణుకు వచ్చే చోటునూ తీరునూ మార్చి, తిరుగు, పడుకో, నా దగ్గరికి రా, వెనక్కి నడువు అనే నాలుగు ఆజ్ఞలు నేర్పారు. నోటి మాటకు ఎంత బాగా స్పందించేదో వాటికీ అంత బాగా స్పందించింది.

ఇన్ని ఉన్నా, ట్రాఫిక్ ఉన్న చోట చెవిటి కుక్క మెడకు తాడు తీయకూడదు. ఆడుకోవడానికి ప్రహరీ ఉన్న జాగా, లేదంటే పది మీటర్ల పొడవాటి తాడు. మెడ బెల్టు బిళ్ల మీద ఫోన్ నంబరుతో పాటు ‘చెవుడు’ అని చెక్కిస్తే, తప్పిపోయినప్పుడు దొరికినవాళ్లు అరుస్తూ వెంటపడకుండా ఉంటారు. ఇంకో చిన్న మర్యాద: గదిలోంచి వెళ్లేటప్పుడు ఒకసారి తాకి వెళ్లడం. అడుగుల చప్పుడు వినలేని కుక్క కళ్లు తెరిచేసరికి ఇల్లంతా ఖాళీగా ఉంటే బెంగటిల్లి గదులన్నీ తిరుగుతుంది.

తాడూ బిళ్లా లేని కుక్కల సంగతి వేరు. సందు మధ్యలో పడుకున్న వీధి కుక్క హారన్ కొట్టినా లేవకపోతే డ్రైవరుకు కోపం వస్తుంది. కారు కింద నీడలో పడుకున్నది ఇంజన్ శబ్దానికి లేచిపోతుందని అందరి నమ్మకం. వీధి కుక్కల్లో ముసలివీ, చెవి పుండ్లతో తిరిగేవీ తక్కువేమీ కాదు. ఆ వీధిలో రోజూ అన్నం పెట్టేవాళ్లు ఏ కుక్కకు వినపడదో కనిపెట్టి, దాని మెడకు రాత్రి మెరిసే పట్టీ కట్టి, పక్క ఇళ్లకూ ఆటోవాళ్లకూ చెప్పి ఉంచగలరు. బండి తీసేముందు వంగి కింద చూడడం ఎవరైనా చేయగలరు.

ముసలితనంలో చెవులు పోతున్న పెంపుడు కుక్కకు మాత్రం పని తేలిక. దానికి మాటలు వచ్చు. వాటిని సైగలకు మార్చుకోవాలి, అంతే. ఇందులో వరస ముఖ్యం. ముందు కొత్త సైగ, క్షణం ఆగి పాత మాట, అది పని చేయగానే తిండి. రెండూ ఒకేసారి చేస్తే కుక్క తెలిసిన మాటనే పట్టుకుని సైగను వదిలేస్తుంది. ఏడెనిమిదేళ్లకే, ఇంకా బాగా వినపడుతుండగానే మొదలుపెడితే, చెవులు పోయిన రోజున ఇంట్లో ఎవరికీ కొత్తగా నేర్చుకోవాల్సింది ఉండదు.

చెవిటి కుక్కకు నేర్పడం సాధ్యమని చెప్పడం ఒక ఎత్తు. చెవిటి కుక్కల్ని మనమే పుట్టించడం ఇంకో ఎత్తు. డాల్మేషియన్ల విషయమే చూడండి. పుట్టుకతోనే పెద్ద నల్ల మచ్చ ఉన్న పిల్లల్లో చెవుడు తక్కువ. కానీ జాతి ప్రమాణాలు ఆ పెద్ద మచ్చను లోపం కింద లెక్కగట్టాయి, చుక్కలు అందంగా విడివిడిగా ఉండాలట. నీలి కళ్లున్నవాటిలో చెవుడు ఎక్కువ. అమెరికా ప్రమాణం నీలి కళ్లను అనుమతిస్తుంది, బ్రిటన్ అనుమతించదు. బ్రిటన్‌లో 1992 నుంచి పరీక్షించిన 8,955 డాల్మేషియన్ పిల్లల లెక్కలు 2020లో వెలువడ్డాయి: లోపం ఉన్నవి సుమారు 18 శాతం, పైగా ఆ కాలంలో అది దాదాపు మూడో వంతు తగ్గింది. పిల్లల్ని పరీక్షించి, లోపమున్నవాటిని జత కట్టించకుండా ఆపితే ఏమవుతుందో ఆ అంకెలే చెబుతాయి.

మనకు దగ్గరి ఉదాహరణ రాజపాళయం కుక్క. తమిళనాడులోని ఆ ఊరికి పేరు తెచ్చింది తెలుగు మాట్లాడే రాజులు. వాళ్ల వేటకూ కాపలాకూ తోడున్న ఈ కుక్క 2005లో తపాలా బిళ్ల మీదికీ ఎక్కింది. పాల తెలుపు ఒళ్లు, గులాబీ రంగు ముక్కు ఉన్నదానికే గిరాకీ. ఆ తెలుపు కోసం తరతరాలుగా ఉన్న కొద్దిపాటి కుక్కలనే దగ్గరి వరసల్లో జత కట్టించడంతో చెవిటి పిల్లలు పుట్టడం ఆ జాతికి తెలిసిన బెడద అయింది. స్వదేశీ జాతుల మీద ప్రేమ పెరుగుతున్న ఈ రోజుల్లో, గులాబీ ముక్కు కంటే వినే చెవికి ఎక్కువ ధర పలికితే ఆ జాతి బాగుపడుతుంది.

కొనేవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎనిమిది వారాలకు పుట్టు చెవుడు పూర్తిగా బయటపడే ఉంటుంది కాబట్టి, మిగతా పిల్లల నుంచి విడదీసి, వెనకనుంచి తాళాల గుత్తి ఆడించి చూపించమని అడగొచ్చు. తల్లిదండ్రుల కళ్ల రంగు అడగొచ్చు. వినపడని పిల్ల అని తెలిస్తే, ఆ సంగతి దాచకుండా చెప్పి, తెలిసి పెంచుకునేవాళ్లకు ఇవ్వాలి, ఈడు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఒక చెవి మాత్రమే పోయిన పిల్ల పెంపకంలో దాదాపు మామూలు కుక్కే. అయినా దాన్ని కూడా జత కట్టించకూడదు. చెవుడు తెచ్చే జన్యువులు దాని పిల్లలకూ వెళ్తాయి.